బంతి రాని చోట నిలబడ్డవాడు

కిందటి శనివారం ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి సాకర్ మ్యాచ్ అయిపోయాక, ఆ ఏడేళ్ళ పిల్ల కారెక్కి సీటు బెల్టు కూడా పెట్టుకోకుండా మొహం ముడుచుకుని కూర్చుంది. వాళ్ళ జట్టే గెలిచింది, మిగతా పిల్లలంతా కమలాపండ్ల ముక్కలు తింటూ గంతులేస్తున్నారు. ఏమైందమ్మా అంటే, "ఐ డిడ్ నథింగ్, మమ్మీ. కోచ్ నన్ను వెనక పెట్టాడు. బాల్ నా దగ్గరికి రాలేదు అసలు. నెక్స్ట్ వీక్ నేను రాను," అంది. మామూలుగా అయితే ఆ మాటకు నేను అక్కడికక్కడే బెంబేలెత్తి, కోచ్‌కి మెసేజ్ పెట్టాలా, పిల్ల మనసు విరిగిపోయిందా, ఇది పెద్దయ్యాక కూడా గుర్తుంటుందా అంటూ ఇల్లు చేరేదాకా మావారి ప్రాణం తీసేదాన్ని. ఆ పూట మాత్రం నవ్వొచ్చింది. బంతి రాలేదు కాబట్టి ఏమీ చేయనట్టే అన్న మాటను నేను చాలా ఏళ్ళ క్రితం హైదరాబాదులో, ఒక ఇంగ్లండ్ డిఫెండర్ గురించి, మా టీమ్ లీడ్ నోట విని ఉన్నాను. అప్పటినుంచీ ఆ రోజులు మనసులో తిరుగుతూనే ఉన్నాయి. ఇవాళ పిల్ల నిద్రపోయాక, తలుపు దగ్గర మట్టి బూట్లు తీసి పక్కన పెట్టి, ఇలా రాయడానికి కూర్చున్నాను.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో ఏ పిలుపొస్తే ఆ ఉద్యోగానికి పరుగెత్తేవాళ్ళం. నాకు మాదాపూర్‌లో ఒక చిన్న ఆఫీసులో దొరికిన పని, ఇంగ్లండ్‌లో జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్‌లను చూస్తూ, ఎవరు బంతిని తాకినా ఆ తాకిడిని కంప్యూటర్‌లో ఎక్కించడం. ఆట చూస్తే జీతమిస్తారంటే చుట్టాలెవరూ నమ్మరని మా అమ్మ "కంప్యూటర్ జాబ్" అని చెప్పి ఊరుకునేది. అప్పటిదాకా నేను ఫుట్‌బాల్‌ను కాలితో తన్నింది లేదు, చేత్తో పట్టుకున్నదీ లేదు. పని ఇద్దరిద్దరుగా చేయాలి. ఒకరు తెర మీంచి కళ్ళు తిప్పకుండా, ఐదో నంబరు, చిన్న పాస్, కుడివైపు, అని చెబుతూ పోవాలి. రెండోవాళ్ళు కీబోర్డు మీంచి కళ్ళెత్తకుండా నొక్కుతూ పోవాలి. నేను నోరు, వరంగల్ నుంచి వచ్చిన నా స్నేహితురాలు వేళ్ళు. అంటే రెండేళ్ళపాటు వందలకొద్దీ మ్యాచ్‌లకు కూర్చుని, ఒక్క గోల్ కూడా కళ్ళారా చూడని మనిషి అది.

మాకు అప్పజెప్పింది మూడో డివిజన్‌లోని ఒక చిన్న క్లబ్బు. దాని డిఫెన్స్ మధ్యలో నిలబడే ఐదో నంబరు ఆటగాడిదే ఈ కథంతా. నా స్నేహితురాలు ఆయన్ని అన్న అనేది, నాకూ అదే అలవాటైంది. కొత్త మ్యాచ్‌లు లేని రోజుల్లో పాత సీజన్ల వీడియోలు కూడా ఎక్కించాల్సి వచ్చేది కాబట్టి, అన్న జీవితం మాకు వరుస తప్పి తెలిసింది. సోమవారం బట్టతల, మంగళవారం ఉంగరాల జుట్టు, బుధవారం మోకాలికి కట్టు. పెద్ద క్లబ్బొకటి చిన్నతనంలోనే చేర్చుకుని, పద్దెనిమిదేళ్ళకు వద్దని పంపేసిందట. తర్వాత ఊరూరా తిరిగి, మోకాలు పాడుచేసుకుని, ఈ క్లబ్బుకు వచ్చి కెప్టెన్ అయ్యాడు. దేశం తరఫున ఆడింది లేదు, గోల్స్ కొట్టిందీ దాదాపు లేదు. ఉంగరాల జుట్టు రోజుల్లో ప్రతి బంతికీ నేల మీద జారి, ఒళ్ళంతా బురద చేసుకుని లేచేవాడు, నేను చెప్పలేక, అది నొక్కలేక చచ్చేవాళ్ళం. బట్టతల వచ్చేసరికి నిక్కరుకు మట్టి అంటడం మానేసింది. ఊరికే నడిచేవాడు, నిలబడేవాడు, మాటిమాటికీ భుజం మీదుగా వెనక్కి తిరిగి చూసుకునేవాడు, అచ్చం గ్యాస్ ఆపానో లేదో అని వీధి చివరినుంచి ఇంటివైపు చూసుకునే నాలాగే. నాకు ఆయన నచ్చింది అందుకేననుకుంటాను. ప్రపంచంలో నా అంత దిగులు మనిషి ఇంకొకరున్నారు, పైగా దానికి ఆయనకు జీతం కూడా ఇస్తున్నారు.

కానీ మా కీబోర్డులో నిలబడటానికి కీ లేదు. అన్న ఆట ముదిరినకొద్దీ ఆయన పేరు మీద ఎంట్రీలు తగ్గిపోయాయి. ఒకరోజు టీమ్ లీడ్ మా వెనక్కొచ్చి, "ఏమ్మా, మీ ఐదో నంబరు గ్రౌండ్‌లోనే ఉన్నాడా, టీకి వెళ్ళాడా?" అన్నారు. బాల్ రాలేదు సార్ అన్నాను. "రాకపోతే ఏమీ చేయనట్టేగా!" నా స్నేహితురాలు తలెత్తకుండానే అందుకుంది. "అన్న ఉన్నడని తెలిసే అటు దిక్కు వస్తలేరు సార్. కుక్కున్న ఇంటికి దొంగొస్తడా?" ఆయన కీబోర్డువైపు చూపించి, "మరి ఆ కుక్కకి కీ ఏదమ్మా, నొక్కు చూద్దాం," అనేసరికి గదంతా నవ్వులే. నేను కూడా నవ్వాను గానీ ఆ రోజంతా అన్నం సహించలేదు. మేము పంపే లెక్కలు ఆ క్లబ్బులే కొనుక్కుంటాయి. అన్న కాంట్రాక్టు ఆ సీజన్‌తో అయిపోతోంది. మేము అంకెలు తక్కువగా పంపినందువల్లే ఆయన్ని ఇంటికి పంపేస్తారేమోనని నాకు బెంగ పట్టుకుంది.

సీజన్ చివరి మ్యాచ్ ఒక శనివారం సాయంత్రం వచ్చింది. ఓడితే క్లబ్బు కింది డివిజన్‌కు పడిపోతుంది, అప్పుడు వయసైన వాళ్ళని ముందుగా తీసేస్తారని కామెంటరీవాళ్ళే చెబుతున్నారు. డ్రా చేసుకుంటే చాలు. స్కోరు సమానంగా ఉంది, ఇక ఆట ముగియబోతోంది. అవతలి జట్టు మైదానం మూలనుంచి కార్నర్ కొట్టింది. అందరూ బంతికోసం ఎగబడ్డారు, గోల్‌కీపర్ కూడా ముందుకు దూకాడు. అన్న ఒక్కడే ఒకసారి వెనక్కి చూసుకుని, ఏదో మర్చిపోయినవాడిలా రెండడుగులు నడిచి ఖాళీ గోల్ ముందు నిలబడ్డాడు. బంతి కీపర్ తలమీంచి వచ్చింది. అన్న పరుగెత్తలేదు, ముందే అక్కడున్నాడు. నుదుటితో బయటికి కొట్టేశాడు.

నా నోట మాట పోయింది. పక్కన కీబోర్డు మీద వంగి ఉన్న మనిషికేమో లోకం ఏమైందో తెలియదు. "ఏమైందే? చెప్పరాదే! బాల్ ఎటువోయింది? గోలా? నీ నోట్ల ఏం పెట్టుకున్నవే!" అని అది అరుస్తోంది. గదిలో కేకలు వేయకూడదని గోడకు కాగితం అంటించిన టీమ్ లీడే కుర్చీ వెనక నిలబడి, "ఆపాడమ్మా! ఆపేశాడు!" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. అది తలెత్తేసరికి విజిల్ కూడా వేసేశారు, జట్టంతా అన్న మీద పడి దొర్లుతోంది. "మ్యాచంత నొక్కింది నేను, చూసింది మీరా?" అని అది నా వీపు మీద ఒక్కటిచ్చింది. చివరికి చూసుకుంటే ఆ తాకిడి కంప్యూటర్‌లో ఎక్కనేలేదు. టీమ్ లీడే వీడియో వెనక్కి తిప్పి, "ముందు నువ్వు కళ్ళారా చూడు తల్లీ, తర్వాత నొక్కుదువుగాని," అని దానికి చూపించారు. అది తనివితీరా చూసి, కళ్ళు తుడుచుకుని, కీ నొక్కింది.

క్లబ్బు అన్నను ఇంకో ఏడాది ఉంచుకుంది. ఆ వార్త వచ్చిన రోజు మేమిద్దరం ఇరానీ హోటల్లో ఆఫీసు మొత్తానికీ చాయ్ ఇప్పించాం. ఆ ఏడాది ఆడి, అన్న తన పిల్లల చేతులు పట్టుకుని, బట్టతల మెరిపించుకుంటూ మైదానం నుంచి నడిచి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ కూడా ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూశాడు.

ఈ కథంతా వారం పొడుగునా మా అమ్మాయికి ముక్కలు ముక్కలుగా చెప్పాను. "సో, అంకుల్ బాల్ రాకముందే వెళ్ళి వెయిట్ చేశాడా?" అని మాత్రం అడిగింది. ఇవాళ పొద్దున పిలవకుండానే బూట్లు వేసుకుంది. రెండో నంబరు చొక్కాతో ఆడుతూ ఒకసారి, బంతి ఎక్కడో అవతల ఉండగా, మెడ తిప్పి వెనక్కి చూసుకుని రెండడుగులు జరిగింది. నాకు తెలియకుండానే, రెండో నంబరు, ఎడమవైపు, అని గొణుగుతున్నానట. "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నారు మావారు.

మధ్యాహ్నం ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటున్న నా స్నేహితురాలికి ఫోన్ చేసి చెబితే పడీపడీ నవ్వింది. ఇప్పుడు ఆ పని చాలావరకు కెమెరాలే చేస్తున్నాయట, బంతి లేనప్పుడు ఎవరెక్కడ నిలబడ్డారో కూడా వాటికి తెలుస్తుందట. "అన్నకు కీ వచ్చిందే," అంది. అన్న ఆడటం మానేశాక వచ్చింది ఆ కీ. ఇప్పుడు ఆ గది లేదు, నోరూ వేళ్ళూ అక్కర్లేదు. కెమెరాలు ఒక్క తాకిడినీ వదలవు, మంచిదే. మేము వేలకొద్దీ తాకిళ్ళు ఎక్కించాం, వాటిలో ఒక్కటీ నాకిప్పుడు గుర్తు లేదు. నోరు పెగలక నేను చెప్పలేకపోయిన ఆ ఒక్కటి మాత్రం ఇవాళ్టికీ కళ్ళముందే ఉంది.