ఓదెలు సారు కొట్టేయించిన హాజరు

1996 జూన్‌లో మహారాష్ట్రలో మరమగ్గాల ఊరైన భివండీలోని ఒక తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా నాకు మొదటి నియామకం వచ్చింది. బడి గైబీ నగర్ వెనుక సందులో ఉండేది. మూడు వైపులా సాంచెల షెడ్లు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. ఆ చప్పుడులో ఎంత అరిచినా లాభం లేదని, పిల్లల దగ్గరికి వెళ్లి నిలబడి పాఠం చెప్పాలని మొదటి రోజే చెప్పినవారు మా ప్రధానోపాధ్యాయులు ఓదెలు సారు.

ఆయనది సిరిసిల్ల పక్క పల్లె. జనాభా లెక్కలకూ ఓటర్ల జాబితాలకూ ఏళ్ల తరబడి తిరిగినందువల్ల ఏ ఖోలీలో, అంటే ఏ అద్దె గదిలో, ఎవరుంటారో ఆయనకు తెలుసు. రేషన్ కార్డు దరఖాస్తు మొదలు ఆసుపత్రి చీటీ వరకు జనం ఆయన దగ్గరికే తెచ్చేవారు. బడి వేళలో మాత్రం ఆయన ఎవరి కాగితమూ ముట్టుకునేవారు కాదు.

నాకు నాలుగో తరగతి 'బి' విభాగం ఇచ్చారు. హాజరు పట్టీలో ముప్పై ఎనిమిది పేర్లు. వానలు ముదిరేసరికి ఇరవై మందికి మించి రావడం లేదు. రానివాళ్లలో ఎక్కువ మంది ఆడపిల్లలు; ఇంట్లో సాంచెలకు నూలు కండెలు చుట్టేవారు. సగటు హాజరు పడిపోతే విభాగాన్ని పక్కదానిలో కలిపేసి, ఉపాధ్యాయుణ్ని మిగులు కింద చూపి వేరే బడికి పంపుతారు. తోటివారి సలహాతో నేను రాని పిల్లలకూ హాజరు వేయడం మొదలుపెట్టాను. రెండు వారాలు అలాగే సాగింది.

తనిఖీకి మూడు రోజుల ముందు సారు తరగతికి వచ్చి తలలు లెక్కపెట్టారు. పట్టీ తీసుకుని నన్ను బయటికి పిలిచి, ఒక పిల్ల పేరు మీద వేలు పెట్టారు.

"పద్మ ఇయ్యాల వచ్చిందా బిడ్డా?"

"రాలేదు సార్."

"గిండ్ల వచ్చినట్టున్నది గదా."

విభాగం పోతుందని, నన్ను ఎక్కడికి పంపుతారో తెలియదని చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"తరగతి పోతే మళ్ల తెచ్చుకోవచ్చు. పొల్ల వచ్చిందని మనమే రాస్తిమనుకో, ఇగ దాన్ని తోలుకరానీకి ఎవ్వలు పోతరు?"

ఆ మధ్యాహ్నం ప్రతి తప్పుడు గుర్తునూ ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టాను. అడుగున సారు స్వయంగా ఒక వాక్యం రాశారు: రోజువారీ హాజరు సరిచూడవలసింది ప్రధానోపాధ్యాయుడేననీ, ఆ లోపం తనదేననీ.

తప్పు చేసింది నేను కదా అన్నాను.

"నువ్వు కొత్తగొచ్చినవు. నేను సూడకపోతినే" అన్నారు.

తనిఖీ అధికారి ఆ పుటను రెండుసార్లు చదివారు. నెల తిరగకముందే సారుకు మెమో వచ్చింది. ఆ రాతపూర్వక మందలింపు ఆయన సేవా పుస్తకంలోకి ఎక్కింది. నా విభాగం రద్దయింది. నన్ను పట్టణానికి అవతల ఉన్న బడికి వేశారు.

బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చేలోపు పది రోజులు, బడి విడిచాక ఇద్దరం అసలైన గైరుహాజరు జాబితా పట్టుకుని ఇళ్లు తిరిగాం. పద్మ తల్లి రాజవ్వ చేతిలో పని ఆపకుండానే మాట్లాడింది.

"పొల్ల కండెలు సుట్టకుంటె సాంచె ఎట్ల నడుస్తది సారూ? షెడ్డు మాలక్ ఊకుంటడా?"

"పని ఇడిసిపెట్టమంటలేను రాజవ్వా. పొద్దుగాల ఏడింటికి తోలు. పన్నెండింటికి ఇంట్ల ఉంటది."

"గట్లయితె రేపు తోలుత. రాకుంటె మీరే వచ్చి అడుగుండ్రి."

ఆ వారమే సారు ఆ పిల్లలను మా పగటి తరగతి నుంచి, ఏడింటికి మొదలయ్యే ఉదయం పూట తరగతిలోకి మార్చారు. పద్మ వచ్చింది. అందరూ రాలేదు. ఒక పిల్ల కుటుంబం కాశేలి వైపు గోదాముల పనికి వెళ్లిపోయింది. ఎంత వెతికినా ఆచూకీ దొరకలేదు. ఎప్పుడు కలిసినా సారు ఆ పిల్ల గురించి అడిగేవారు. రెండేళ్లకు విభాగం మళ్లీ మంజూరైంది. నేను మాత్రం అక్కడికి తిరిగి వెళ్లలేదు.

పదవీ విరమణ చేసిన కొన్నేళ్లకు, 2007లో ఆయన పోయారు. అంతిమయాత్ర సాగిన సందుల్లో పట్టపగలు సాంచెలు ఆపారు. సంతాప సభలో అందరూ ఆయన మంచితనం చెప్పారు. నేను మెమో సంగతి చెప్పాను. సభ ముగిశాక సాంచెల యజమాని ఒకాయన నా దగ్గరికి వచ్చారు.

"గంత మంచి సారుకు మచ్చ ఉన్నదని నలుగురిల ఎందుకు జెప్పినవు మేడం?"

ఆ మచ్చ నాదని, సారు తన మీద వేసుకున్నారని చెప్పాను. "మా బిడ్డను గూడ సారే బడికి తోలుకపోయిండు. గప్పుడు నేను కూలికి సాంచెలు నడుపుతుంటి" అన్నారాయన.

నేనూ ప్రధానోపాధ్యాయినిగానే విరమించాను. నా హయాంలో హాజరు ఉన్నదున్నట్టు రాసినందువల్ల ఒక తరగతి మూతపడింది. అది తిరిగి రాలేదు. అయినా పట్టీలో రాత మార్చలేదు. గైరుహాజరు గుర్తు పెట్టిన ఉపాధ్యాయుడికి ఆ సాయంత్రం వెళ్లవలసిన ఇల్లు ఒకటి ఉంటుంది. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నవాటిలో ఎక్కువ పనికొచ్చింది ఇదే.