గంప కింద ఫోను

మా మేనత్త పోయిందన్న సంగతి నాకు మనిషి నోటి నుంచి తెలియలేదు. ఆఫీసు పని మీద వేరే ఊరు పోయి, రాత్రి బస్సులో తిరిగొచ్చి పొద్దున నెల్లూరులో దిగుతూ ఫోను చూస్తే మా చర్చి గ్రూపులో ఒక బొమ్మ వచ్చి ఉంది. మేఘాలు, రెండు పావురాలు, మెరిసిపోయే గులాబీలు, వాటి నడుమ అత్త మొహం. కింద బంగారు రంగు అక్షరాలతో 'ప్రభువునందు నిద్రించిరి' అని ఉంది. దాని కిందే ఎవరో రీఛార్జి ఆఫరు పంపి ఉన్నారు. నాన్న ఫోను ఆ తర్వాత వచ్చింది. తెల్లవారుజామున అత్త గుండెల్లో నొప్పి అన్నదట, ఆటో వచ్చేలోపే అయిపోయిందట. తోడబుట్టినదాని గురించి ఆయన ఏడుస్తూ చెబుతుంటే, నాకు ముందే తెలుసని చెప్పకుండా విన్నాను. ఏడవాల్సిన మొదటి క్షణాన్ని ఆ మెరుపుల గులాబీలు లాగేసుకున్నాయి. ఆ బొమ్మ తలుచుకుంటే నాకు ఇప్పటికీ రోతగానే ఉంటుంది.

తోటపల్లి గూడూరు దగ్గర మా ఊళ్లో అత్త ఇల్లు మా ఇంటిని ఆనుకునే ఉంటుంది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని ఆమెది. ఏళ్ల తరబడి ఐసులో చేతులు పెట్టి ఆమె వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయాయి. కొడుకు, అంటే మా బావ, కొత్త ఫోను కొనిచ్చి అది వేలిముద్రతో తెరుచుకునేలా పెట్టాలని చూశాడు. ఫోను ఒప్పుకోలేదు. మళ్లీ ప్రయత్నించమంటుంది, ఆమె వేలిని చీరకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. చివరికి దాన్ని బావ ఒళ్లో పడేసింది.

"నా ఫోన్లోకి నేను పోయేదానికి, నేను నేనేనని దానికి రుజువు చూపియ్యాల్నా? థూ."

ఆ 'థూ' లేకుండా ఆమె మాట ముగిసేది కాదు.

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. నెల్లూరులో ఉద్యోగం ముగించుకుని సాయంత్రం ఇంటికి రాగానే అత్త టీ గ్లాసుతో మా అరుగు మీదికి వచ్చేది. "చదువు కోడలా, ఈ రోజు ఏం కనిపెట్టినారంట?" అనేది. ఫోన్లో వచ్చే కొత్త వస్తువుల వార్తలు నేను పైకి చదవాలి, ఆమె తీర్పు చెప్పాలి. మడతపెట్టే ఫోను వచ్చిందని చదివితే, మడతపెట్టేదానికి ఇంట్లో చీరలు లేవా అనింది. ఎక్కువసేపు కూర్చుంటే లేచి నడవమని చెప్పే వాచీ సంగతి చదివితే, ఆ పనికి మా అత్తగారు ఉండేది, ఆమెకు ఛార్జింగు కూడా అక్కర్లేదు అనింది. తలుపు మీద ప్రకటనలు చూపించే ఫ్రిజ్జు గురించి విన్నరోజు మాత్రం నవ్వలేదు. కొన్నది మనం, మన వంటింట్లో నిలబడి సరుకు అమ్ముకునేది వాళ్లా అని టీ చల్లారిపోయేదాకా తిట్టింది.

వార్తలో రాసిన పొగడ్తలన్నీ నమ్మేసి నేను హుషారుగా చదువుతుంటే ఆపేది. "ఎంత బాగుందో తర్వాత చెబుదువులే. ముందు అది ఎవురికి కావాల్నో చెప్పు." ఈ మాట నాకు మిగిల్చిపోయినందుకు ఆమెకు రుణపడి ఉంటాను. ఇప్పుడు ఏది చదువుతున్నా అది అడ్డం వస్తుంది, రావడం మంచిదే.

అలాగని ఆమె ప్రతిదీ సరిగ్గా చెప్పేదని కాదు. ఏదో కషాయం తాగితే షుగరు పోతుందన్న వీడియో నమ్మి షెడ్డులో అందరికీ పంపింది. అది అబద్ధమని చెప్పినందుకు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

మరోసారి నాతో మోకాళ్ల నొప్పి గురించి చెప్పుకుంది. కాసేపటికి ఆమె ఫోన్లో మోకాళ్ల నూనె ప్రకటన. "చెప్పింది నీకు. దీనికి యాడ చెప్పినా?" అని దాన్ని దూరంగా నెట్టింది. అప్పటినుంచి ఇంటి మాటలు మాట్లాడాలంటే ముందు ఫోను మీద చేపల గంప బోర్లించేది. గంప సందుల్లోంచి మాటలు దూరవా అని నేనంటే, "దూరితే దూరనీ. వినగూడదని దానికి తెలియాల గదా" అనింది.

రాయడం రాదు కాబట్టి గొంతు రికార్డు చేసి పంపేది. అక్కడా ఎదుటివాళ్లు ఫోన్లో ఉన్నట్టే మాట్లాడేది. "బస్సెక్కినావా?" అని అడిగి ఆగేది. అంతసేపూ వెనక షెడ్డులో నీళ్ల చప్పుడు వినిపించేది. "ఆఁ, సరే. సీటు దొరికిందా?" అని మళ్లీ ఆగేది. అది రికార్డింగని, నా జవాబు అందులో పడదని నవ్వుతూ చెప్పాను. "పడకపోతే పోనీ. అడిగినాక, నువ్వు చెప్పేదానికి చోటియ్యొద్దా నేను?" అనింది.

చుట్టాలూ చర్చివాళ్లూ ఇంటికొచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడికకు ముందురోజు బావ నాకొక వీడియో చూపించాడు. ఫ్లెక్సీలు వేసే షాపులో అత్త ఫోటో ఇచ్చి చేయించాడట. తెర మీద అత్త కదులుతోంది. మొహం తెల్లగా, ముడతల్లేకుండా ఉంది. ఊడిపోయిన రెండు ముందుపళ్లు మళ్లీ మొలిచాయి. నిండుగా నవ్వి, వార్తలు చదివే గొంతుతో, నా ప్రియమైన కుటుంబ సభ్యులారా, నేను ప్రభువు సన్నిధిలో క్షేమంగా ఉన్నాను అంటోంది. జోడించిన చేతులకు గులాబీ రంగు గోళ్లు. బతికుండగా ఫోను ఆమె వేలిని ఆమెదని ఒప్పుకోలేదు. పోయాక ఎవరివో వేళ్లు తెచ్చి, ఇవి ఆమెవే నమ్మండి అంటున్నారు.

అప్పటికే అది గ్రూపులోకి వెళ్లింది. ఎవరో దానికి 'పదిమందికి పంపితే ఆశీర్వాదం' అని తగిలించి తిప్పుతున్నారు. మరుసటి రోజు కూడికలో టీవీ పెట్టి అందరికీ చూపించాలని బావ ఆలోచన. నేను వద్దన్నాను. అది అత్త కాదన్నాను.

బావ కోప్పడలేదు. "మాయమ్మ నవ్వినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకునేది గదా. నవ్వే ఫోటో ఒక్కటి లేదు నాకాడ. అందరి ముందర ఒకసారి నవ్వితే చూద్దామనుకున్నా. తప్పా?"

తప్పని ఎలా అంటాను? నా అసహ్యం అతని మీద కాదు. తల్లి పోయినవాడి చేతిలో ఇలాంటి సరుకు పెట్టి, ఇదే మీ అమ్మ అని చెప్పేవాళ్ల మీద. నా ఫోను తీసి, అత్త చివరిసారి షెడ్డు నుంచి పంపిన రికార్డింగు పెట్టాను.

"కోడలా, మీ బావ రొయ్యల గుంటకాడ్నించి వచ్చినాడా?" నీళ్ల చప్పుడు. "ఆఁ. అన్నం తిన్నాడా?" మళ్లీ నీళ్ల చప్పుడు. అంతలో పక్కనున్న ఆమె ఎవరో, అవతల మనిషే లేకపోతే ఎవురితో మాట్లాడతా ఉండావు అని ఎగతాళి చేసింది. అత్త నవ్వింది. గుడ్డలోంచి వచ్చినట్టు ఉంది ఆ నవ్వు. కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది.

బావ ఇంకోసారి పెట్టమన్నాడు. ఈసారి అన్నం సంగతి అడిగి ఆమె ఆగిన చోట, తల వంచుకుని మెల్లగా అన్నాడు.

"తిన్నానమ్మా."

కూడికలో టీవీ పెట్టలేదు. పాటలు పాడుకున్నాం, పాస్టరు గారు ప్రార్థన చేశారు, వచ్చినవాళ్లు భోంచేశారు. వీడియో మాత్రం ఆగలేదు. తీసేయమని అడిగితే, అది ఇప్పుడు ఎవరి చేతుల్లోనూ లేదన్నారు. మేమెరగని ఊళ్ల వాళ్లు కూడా దాన్ని మళ్లీ మా గ్రూపుకే పంపుతున్నారు.

చుట్టాలు వెళ్లిపోయేసరికి పొద్దుగూకింది. అత్త ఫోను ఇంకా ఆ గ్రూపులోనే ఉంది. మోగుతున్న దాన్ని బావ వంటింట్లో నేల మీద పెట్టి, మూలనున్న చేపల గంప తెచ్చి దాని మీద బోర్లించాడు. మేమింకా లైటు వేయలేదు. ఎవరో ఏదో పంపినప్పుడల్లా గంప సందుల్లోంచి వెలుగు చారలు చారలుగా గోడ మీద పడి, కాసేపుండి ఆరిపోయేది. ఇద్దరం గడపలో కూర్చుని దాన్నే చూస్తున్నాం. గంప ఎత్తడానికి ఎవరమూ లేవలేదు.