బొమ్మను నిలబెట్టిన గాలి

మా బాబాయి పోయాడు. పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను కొండపల్లిలో మా స్కూల్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. "అమ్మా, మీ బాబాయికి ఇక ఆయాసం లేదు," అంది. ఆ ముక్క తలకెక్కడానికి నాకు కాసేపు పట్టింది. తలకెక్కాక ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా దిగలేదు కాబట్టి ఇది మామూలు స్మృతిలా ఉండదని ముందే చెబుతున్నాను.

బస్సెక్కి బెజవాడ వచ్చేసరికి ఇంటి ముందు టెంటు వేసేశారు. పెట్టెలో బాబాయి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆయన్ని అలా పడుకోగా చూసి ఎన్నేళ్ళయిందో. చివరి రోజుల్లో మంచం మీద గోడకి ఆనుకుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీదకి వంగి కూర్చునే నిద్రపోయేవాడు. నడుం వాలిస్తే ఊపిరి అందేది కాదు. ముక్కులో గొట్టం, పక్కన గుయ్యిమంటూ ఆక్సిజన్ మిషను. వచ్చినవాళ్ళలో ఒక పెద్దమనిషి నా పక్కన చేరి, గొంతు తగ్గించి, సిగరెట్లు బాగా తాగేవారా అని అడిగాడు. జన్మలో ఒక్క బీడీ ముట్టించని మనిషి గురించి, శవం పక్కన నిలబడి అడిగే మాటా అది? ఆయనొక్కడే అయితే పోనీలే అనుకుందును. చుట్టాలూ అదే అడిగారు, వీధిలోవాళ్ళూ అదే అడిగారు. లేదంటే ఒక్కరూ నమ్మినట్టు మొహం పెట్టలేదు.

మా బాబాయి సినిమా హాల్లో ఆపరేటరు. ఏలూరు కాలవ పక్కన ఉండేది ఆ హాలు, ఇప్పుడక్కడ మాల్ లేచింది. నేను డిగ్రీ చదివినన్నాళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నాను. వాళ్ళకి పిల్లల్లేరు. నన్ను సొంత కూతురిలా చూసుకున్నారని రాస్తే సగమే రాసినట్టు. సొంత కూతుర్ని తిట్టినట్టు తిట్టేవాడు కూడా. ప్రొజెక్టరు క్యాబిన్లో పని చేసేవాళ్ళంటే నోరు లేనివాళ్ళని చాలామంది అనుకుంటారు. మా బాబాయి ఆ బాపతు కాదు, గొప్పలు చెప్పుకునే మనిషి. బెజవాడ మొత్తం మీద బొమ్మ వేయడం తనకొక్కడికే వచ్చని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర నిలబడి మరీ చెప్పేవాడు. సినిమా బాగా ఆడితే తన వల్ల. ఆడకపోతే మాత్రం డైరెక్టరు వల్ల. పాస్టరు గారు ప్రసంగం ఎలా ఉందని అడిగితే, మీ మొహం మీద లైటు సరిగ్గా పడలేదండీ అని చెప్పిన ఘనుడు.

దేన్ని చూసినా ముందు అంచులు చూసేవాడు. పిన్ని వేసిన అట్టు అంచు లేస్తే గరిటె లాక్కుని తనే నొక్కేవాడు. గోడకి ఫొటో తగిలిస్తే మూలలన్నీ వేలితో తడిమేవాడు. "మధ్యలో ఎవడైనా చూస్తాడే. అంచు చూసేవాడే మనిషి," అనేవాడు. నన్ను చూసుకోవడానికి ఒక పెళ్ళికొడుకు వచ్చాడు. మంచి ఉద్యోగం, మంచి కుటుంబం. మావాళ్ళంతా ఊగిపోతుంటే బాబాయి మాత్రం వాడికి ఫోకస్ లేదు, వద్దు అని తేల్చేశాడు. ఆ పెళ్ళికొడుకు సంగతి తర్వాత తెలిసింది. ఇవాళ్టికీ ఆ ఒక్క మాటకి బాబాయికి మనసులో దండం పెట్టుకుంటూ ఉంటాను.

ఇప్పటివాళ్ళకి తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో ప్రొజెక్టరులో బల్బు ఉండేది కాదు. రెండు కార్బన్ కడ్డీల కొసలు దగ్గరకి చేర్చి కరెంటు ఇస్తే మధ్యలో మంట లేచేది, కళ్ళు పోయేంత వెలుగు. దాని ముందు ఒక ఇనప చట్రం, గేటు అంటారు దాన్ని. ఫిల్ము ఆ గేటులోంచి దిగుతూ ఉంటుంది. మంట వేడికి ఫిల్ము, నూనెలో వేసిన అప్పడంలా, దీపం వైపుకి ఉబ్బుతుంది. వెంట్రుకవాసి ఉబ్బితే చాలు, తెర మీద మధ్యలో బొమ్మ ఉంటుంది, అంచులు అలుక్కుపోతాయి. అంచులు సరిచేస్తే మధ్య పోతుంది. చిన్న తెర ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. ఓనరు గారు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కొత్త తెర కట్టించి, వెలుగు చాలడం లేదని కార్బన్లు ఇంకా గట్టిగా మండించమన్నారు. అక్కణ్ణించి మొదలైంది.

నేల నుంచి బాల్కనీ దాకా అరుపులే. ఆపరేటరు నిద్రపోతున్నాడనీ, తాగి పడుకున్నాడనీ, ఇంకా నేనిక్కడ రాయలేనివీ. అంత గొప్పలకి పోయే మనిషికి అదెంత నరకమో మీరే ఆలోచించండి. అన్నం కలుపుకుని, ముద్ద ఎత్తకుండానే చెయ్యి కడిగేసుకునేవాడు. ఆయన్ని తిట్టినవాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీకూ ఇందులో వాటా ఉంది.

మిషన్లు బిగించడానికి మద్రాసు నుంచి వచ్చిన ఒకాయన దానికి మందు చెప్పాడట. పెద్ద పెద్ద హాళ్ళలో దీపం వైపు నుంచి ఫిల్ము మీదకి గాలి కొడతారని, ఆ ఒత్తిడికి ఫిల్ము ఉబ్బకుండా చదునుగా నిలబడుతుందని, చల్లబడుతుంది కూడానని. బాబాయి పరుగున వెళ్ళి ఓనరు గారిని ఒక బ్లోయరు అడిగాడు. వచ్చే సినిమాకి చూద్దాం అన్నారాయన. వచ్చే సినిమా వచ్చింది, వెళ్ళింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ వచ్చే సినిమాకే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

క్యాబిన్లో అప్పటికే ఒక ఫ్యాను ఉంది. కార్బన్లు మండితే తెల్లటి పొగా, సన్నటి బూడిదా వస్తాయి. వాటిని బయటికి పంపడానికి దీపం పెట్టె మీదనుంచి కప్పు దాకా ఒక గొట్టం, ఆ గొట్టంలో లాగే ఫ్యాను. మా బాబాయి ఆ ఫ్యాను ఊడదీశాడు. ఆటోనగర్లో రేకుపని చేసే స్నేహితుడి దగ్గరకి పట్టుకెళ్తే, ఆయన దానికొక రేకు పెట్టె కట్టి, మూతి చప్పిడిగా నొక్కిన గొట్టాలు రెండు తీసి ఇచ్చాడు. గేటుకి ఆ పక్కా ఈ పక్కా వాటిని బిగించారు. పొగ లాగాల్సిన ఫ్యాను ఫిల్ము మీద గాలి కొట్టడం మొదలుపెట్టింది.

ఆ రోజు మ్యాట్నీకి నేనూ పిన్నీ వెళ్ళాం. అబద్ధం ఎందుకు చెప్పాలి, బొమ్మ అద్భుతంగా ఉంది. తెర చివర గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మ ముక్కుపుడక కూడా తెలిసింది. ఎవరూ ఈల వేయలేదు, ఎవరూ తిట్టలేదు. ఆపరేటరు అనేవాడొకడు పైన ఉన్నాడన్న సంగతే హాలంతా మరచిపోయింది. ఇంటర్వెల్లో పైకి వెళ్ళాం. ఓనరు గారు మాకంటే ముందే వచ్చి బాబాయి భుజం మీద చెయ్యి వేసి, బొమ్మ అద్దంలా ఉందయ్యా అంటున్నారు. అంటూనే దగ్గారు. జేబురుమాలు ముక్కుకి పెట్టుకుని, తలెత్తి, ఫ్యాను లేని గొట్టం వైపు చూశారు. తర్వాత గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన చూశారు. తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పొగ ఎటు పోతుందని బాబాయిని అడిగాను. "పొగదేముందే, కిటికీ ఉందిగా. ముందు బొమ్మ చూడు," అన్నాడు. ఆ కిటికీలోంచి పిల్లి దూరాలన్నా ఒళ్ళు ముడుచుకోవాలి. బెజవాడ ఎండాకాలం, పైన రేకుల వేడి, లోపల మంట, చుట్టూ పొగ. దాని మధ్యలో బనీనుతో నిలబడి నా బొమ్మ చూడు, నా బొమ్మ చూడు అని మురిసిపోయాడు, పిచ్చి మారాజు.

ఆ తర్వాత రోజూ కనుబొమల మీద తెల్లటి బూడిదతో ఇంటికొచ్చేవాడు. పిన్ని తడిగుడ్డతో తుడుస్తూ తిట్టేది, తిడుతూ తుడిచేది. ప్రార్థన మధ్యలో దగ్గు అందుకుంటే ఆగేది కాదు, లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు పిన్ని తనే ఓనరు గారింటికి వెళ్ళి, వరండాలో నిలబడి, పొగకి ఇంకో ఫ్యాను పెట్టించమని అడిగింది. ఆమెకీ అదే మాట చెప్పారు, వచ్చే సినిమాకి చూద్దామమ్మా అని. సంగతి తెలిసి బాబాయి ఇంట్లో అగ్గిరాముడైపోయాడు. నా పరువు తీశావని, నేను అడుక్కునేవాణ్ణా అని. ఫ్యాను తిరిగి గొట్టంలో పెట్టేయమని ఆమె ఏడిస్తే, పెట్టేస్తే అంచులు పోతాయి అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. బాబాయ్, నీ మీద కూడా నాకు కోపమే. పోయినవాళ్ళ మీద కోపం కూడదంటారు. నాకు వస్తోంది, ఏం చేయను?

కాలం మారి బల్బులొచ్చాయి, అటుపైన ఫిల్మే పోయింది, చివరికి హాలూ పోయింది. హాలు పడగొట్టేటప్పుడు బాబాయి వెళ్ళి ఆ ఫ్యానుని, రేకు పెట్టెతో సహా, ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాడు. పిన్ని పాత చీరలో చుట్టి మంచం కింద పెట్టుకున్నాడు. డాక్టరు ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని చెప్పిన తర్వాత కూడా, ఎవరైనా పలకరించడానికి వస్తే దాన్ని బయటికి తీయించి, మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకుంటూ, ఇది లేకపోతే బెజవాడలో బొమ్మే లేదండీ అని చెప్పేవాడు. పిన్ని లోపలికి వెళ్ళిపోయేది.

జ్ఞాపకార్థ కూడిక నాడు ఓనరు గారు వచ్చారు. హైదరాబాదు నుంచి విమానంలో గన్నవరం దిగి, అక్కణ్ణించి కారులో. బాగా పెద్దవారైపోయారు, చేతికర్ర పట్టుకున్నారు. మా కూడికల్లో ఎవరైనా లేచి పోయినవాళ్ళ గురించి సాక్ష్యం చెప్పొచ్చు. ఆయన లేచారు. గాలితో బొమ్మను నిలబెట్టిన మనిషి అన్నారు. మా తెరకి తన ఊపిరి ఇచ్చేశాడు అన్నారు. టెంటు కింద అంతా ఆమెన్ అన్నారు, కొందరు కళ్ళొత్తుకున్నారు. ఇచ్చేయలేదండీ, తీసుకున్నారు. నేను లేవబోయాను. పిన్ని నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

ఆయన అక్కడితో ఆగలేదు. ఆ ఫ్యాను తమకిస్తే మాల్లో సినిమా హాళ్ళ ముందు అద్దాల పెట్టెలో పెట్టిస్తామని, వచ్చేవాళ్ళంతా చూస్తారని, కుటుంబానికి గౌరవమని అన్నారు. చుట్టాలందరి మొహాలూ వెలిగిపోయాయి. బాబాయి ఎలా పోయాడన్నది ఇక ఆ అద్దాల పెట్టెలో ఏం రాసి ఉంటే అదే అవుతుంది.

పిన్ని లేచింది. నలుగురిలో ఎప్పుడూ నోరు విప్పని మనిషి.

"ఇస్తానండి. దాని కింద ఏం రాయిస్తారు?"

"మా హాలుకి ప్రాణం పోసిన యంత్రం అని రాయిద్దామమ్మా," అన్నారాయన.

"అలా కాదండి. ఇది పొగ బయటికి లాగే ఫ్యాను అని రాయించండి. దీన్ని తీసేశాక ఆ చోట ఇంకోటి పెట్టలేదని కూడా రాయించండి. ఆ రెండు ముక్కలూ రాయిస్తే ఇప్పుడే పట్టుకెళ్ళండి."

ఆమె గొంతు పెంచలేదు. ఓనరు గారు చేతికర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, ఆయనకి ఇష్టమయ్యే కదా చేశాడు అన్నారు.

"ఆయనకి ఇష్టమేనండి. పొగ సంగతి మీకూ తెలుసు కదా," అంది పిన్ని. "రాయించకపోతే ఉండనివ్వండి."

పాస్టరు గారు కంగారుపడి పాట ఎత్తుకున్నారు. పాట అయ్యేసరికి ఓనరు గారి కుర్చీ ఖాళీగా ఉంది. భోజనానికి కూడా ఆగలేదు. చుట్టాలు కొందరు పిన్నిని తప్పుపట్టారు, వయసులో పెద్దాయన, ఇల్లు వెతుక్కుంటూ వస్తే ఇలాగా అని. నేను వాళ్ళకి వడ్డించకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాను. అంతకంటే మర్యాదగా ఉండడం ఆ రోజు నా వల్ల కాలేదు.

ఆటోనగర్ నుంచి బాబాయి స్నేహితుడు కూడా వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి, చూపు తగ్గింది. అందరూ వెళ్ళాక పిన్ని ఆయన్ని పిలిచి, ఆ ఫ్యానుతో ఒక పనుందని చెప్పింది. తర్వాతి వారం ఆయన దాన్ని పట్టుకెళ్ళి, రేకు పెట్టె విప్పి పారేసి, మోటారుకి మళ్ళీ తీగ చుట్టించి తెచ్చాడు. వంటింటి గోడకి రంధ్రం కొట్టించి ఎక్కించాడు. బిగించబోతూ, ఏ వైపుకి తిప్పమంటావు చెల్లెమ్మా అని అడిగాడు.

"పొగ బయటికి పోయేలా పెట్టండి అన్నయ్యా. ఇంకెటూ వద్దు."

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి పిన్ని బాండీలో నూనె పోస్తోంది. కాగాక గుప్పెడు ఎండు మిరపకాయలు ఒక్కసారిగా వేసింది. ఏం వండుతున్నావని అడిగితే ఏమీ లేదంది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను, అలవాటు కొద్దీ. ఘాటు పైకి లేచి, గోడ వైపు వంగి, తాడు పట్టి లాగినట్టు ఆ రంధ్రంలోంచి బయటికి వెళ్ళిపోయింది. సందులో పోయేవాళ్ళెవరో ఫెళ్ళున తుమ్మారు. లోపల మా ఇద్దరికీ దగ్గు రాలేదు. మిరపకాయలు నల్లగా మాడిపోయేదాకా పిన్ని అలాగే నిలబడి చూసింది. తర్వాత స్టవ్ ఆపేసింది. ఫ్యాను మాత్రం ఆపలేదు.