చూడి రూపాయలు

లోకంలో అందరికీ నెలంటే ముప్పై రోజులు. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఎలీషాకు మాత్రం పదే. ఒకటో తేదీ నుంచి పదో తేదీ దాకా ఆయన దానకర్ణుడు. పదకొండు వచ్చిందంటే నెలాఖరు దాకా ఆయన జేబులోంచి పైసా రాలదు.

కారణం బ్యాంకు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో సేవింగ్స్ ఖాతాలో పదో తేదీకీ నెలాఖరుకీ మధ్య డబ్బు ఏ రోజు అతి తక్కువగా ఉంటే, దాని మీదే ఆ నెల వడ్డీ కట్టేవారు. మధ్యలో వంద తీస్తే ఆ వంద తాలూకు వడ్డీ గోవిందా.

"సూడి ఆవును ఎవురన్నా సంతకు తోలతారా?" అనేవాడు ఎలీషా. "పది దాటితే నా రూపాయలు సూడి మీదుండాయి. ఈనేదాకా కదిలించగూడదు."

ఈ మాట సగమే విన్న పక్కింటి జయమ్మ, కాంపౌండరు ఇంట్లో ఆవు ఈనబోతోందని నెలాఖరున జున్నుపాలకు చెంబు పట్టుకొచ్చింది. గంటసేపు వడ్డీ లెక్క విని, ఖాళీ చెంబుతో వెళ్లింది.

దేశాలు పట్టి తిరిగినవాళ్లు ఎన్నో ఉపవాసాలు చూసి ఉంటారు. ఏకాదశులు, రంజాన్లు, నీళ్లు కూడా ముట్టని కటిక ఉపవాసాలు. జేబు చేత ఉపవాసం చేయించినవాడు ఈయనొక్కడే. క్రైస్తవులకు ఉపవాసాలుండే శ్రమదినాలు ఏడాదికోసారి. ఎలీషా జేబుకు నెలనెలా. చర్చిలో కానుక సంచి మొదటి ఆదివారం ఎదురైతే నోటు వేసేవాడు. మూడో ఆదివారం ఎదురైతే కళ్లు మూసుకుని, అది వెనక వరుస దాటేదాకా దీర్ఘ ప్రార్థన!

అలాంటి మనిషి దగ్గరికి సరిగ్గా నెల మధ్యలో మణెమ్మ వచ్చింది. మొగుడు పోయాక ఆసుపత్రి వార్డులకు పాలు పోసి పిల్లల్ని సాకుతున్న మనిషి. ఉన్న ఒక్క గేదె చచ్చిపోయింది. సోమవారానికి పాలు తేకపోతే వాడుక ఇంకొకరికి పోతుంది.

"అన్నా, పుంగనూరు సంతలో పాలిచ్చే పొట్టి ఆవు ఉండాదంట. అప్పిస్తే పాలు పోసి తీరుస్తా."

"ఈ పొద్దు తేదీ ఎంత మణెమ్మా?"

"నా కొంప మునుగుతాంటే తేదీ అడుగుతావేమన్నా!"

"తేదీ సూడకుండా నేను తుమ్మను గూడా తుమ్మనమ్మా."

మణెమ్మ కొంగు దులిపి లేచింది. "నీ రూపాయలు ఈని, నీకే జున్ను పెట్టనీ!"

"యాలమ్మా కోపం? దుడ్డు తీయనంటి. ఆవును కొననంటినా? పద బస్సుకు."

సంతలో ఆ ఆవు ఎత్తు మేకంత, పొగరు ఏనుగంత. అమ్మేవాడు కుప్పం దగ్గరి పల్లె నుంచి వచ్చిన మల్లప్ప. బేరం కుదిరాక ఎలీషా చెక్కు రాసి చాచాడు.

"ఏందప్పా ఇది? ఆవునిస్తే కాగితమిస్తావా?"

"కుప్పం బ్యాంకులో నీకు ఖాతా ఉండాదంటివే. ఆడ ఎయ్. వాళ్లు టపాలో మదనపల్లెకు పంపించి నా దుడ్డు నీకు తెప్పిస్తారు."

"ఎప్పటికొస్తాది?"

"నిదానంగా వస్తాది," అన్నాడు ఎలీషా పరమానందంగా.

మల్లప్ప తాడు వెనక్కి లాక్కున్నాడు. అతని పెళ్లాం చెంగమ్మ చెక్కు లాక్కుని రవికెలో దోపుకుంది. "నాకు కావల్సింది ఇదే! రొక్కమైతే సంత దాటకముందే పేకాటలో పోతాది. కాగితాన్ని ఎవుడు పందెం కాస్తాడు? తోలుకుపో అన్నా!"

సోమవారం వార్డులకు పాలు అందాయి. ఎలీషాకే నిద్ర కరువైంది. చెక్కు నెలాఖరులోపల వచ్చిపడితే వడ్డీ గల్లంతు. రోజూ తలుపులు తీయకముందే బ్యాంకు మెట్ల మీద కూర్చునేవాడు.

"చెక్కు వచ్చిందా నాగరాజూ?" అని గుమాస్తాను అడగడం.

"రాలేదు సార్."

"దేవునికి స్తోత్రం!"

నెల చివరి రోజున టపా బస్సు పలమనేరు దగ్గర పంక్చరై నిలిచిపోయింది. చెక్కు ఒకటో తేదీన దిగింది! ఎలీషా యుద్ధం గెలిచినవాడిలా బ్యాంకంతా కాఫీలు, మైసూర్‌పాకులు పంచాడు. దక్కిన వడ్డీ రెండున్నర రూపాయి, పంపకానికైంది పన్నెండు.

"దండగ గదా సార్?" అన్నాడు నాగరాజు.

"ఒకటో తేదీ ఖర్చు ఖర్చే కాదప్పా!"

ఇక మణెమ్మ బాకీ. "నెలనెలా పదిలోపల వచ్చి వసూలు చేసుకుంటా," అని ఎలీషా గట్టిగా చెప్పాడు. ఆమె పాల డబ్బు కొంగున ముడేసుకుని కూర్చుంది. ఆయన వచ్చింది పదకొండున.

"అయ్యో, తేదీ దాటిపోయె! ఇప్పుడు బ్యాంకులో ఏస్తే ఈ నెల వడ్డీ రాదు. నీకాడే ఉండనీ, వచ్చే నెల సూద్దాం."

వచ్చే నెలా పదకొండే. ఆ పై నెలా పదకొండే. జీవితంలో తేదీ తప్పని మనిషి మణెమ్మ గుమ్మానికి మాత్రం ప్రతిసారీ ఒక రోజు ఆలస్యం. ఆ ఉండిపోయిన డబ్బుతోనే ఆమె పిల్లల బడి గడిచింది, ఇంటికి పెంకు పడింది.

ఆవు మళ్లీ ఈనిన నెలలో మణెమ్మ పట్టుబట్టి, తొమ్మిదో తేదీనే డబ్బుతో ఎలీషా ఇంటికి వెళ్లింది. తాళం వేసి ఉంది.

"కుప్పం పోయినాడు," అంది పక్కింటి గడప మీద జయమ్మ.

"ఎప్పుడొస్తాడంట?"

"పదకొండున."

మణెమ్మ పకపకా నవ్వింది. ఆయన కోసం తెచ్చిన చెంబు జయమ్మ చేతిలో పెట్టింది.

"ఇందక్కా, జున్నుపాలు. ఆయన రూపాయలు ఈనినాయి."