బావ బిల్డ్ చేసిన గేమింగ్ కంప్యూటర్

నిన్న తెల్లారకముందే ఫోన్ మోగింది. మా మేనకోడలు నిత్య.

"మామా, నాన్న పడిపోయాడు. అంబులెన్స్ వాళ్ళు సీపీఆర్ చేస్తున్నారు. అమ్మ మాట్లాడట్లేదు. నువ్వు వచ్చెయ్, ప్లీజ్."

నేను అమెరికాకి ఈ చివర ఫ్రీమాంట్‌లో, వాళ్ళు ఆ చివర కమ్మింగ్‌లో. ఎయిర్‌పోర్ట్ దారిలో ఉండగానే ఇంకో ఫోన్ వచ్చింది.

బావ లేడు.

గుండె ఆగిపోయిందట. మొన్ననే వీడియో కాల్‌లో నా కొత్త కారు రంగు చూసి వెక్కిరించిన మనిషి. నాకింకా నమ్మకం కుదరడం లేదు.

తెలియనివాళ్ళకి చెప్తున్నాను. రఘు బావ మా అక్క సుజాత భర్త. నా మీద ఒక జోకు వెయ్యకపోతే ఆయనకి అన్నం అరగదు. కానీ ఎవరి గురించీ వెనకాల ఒక్క మాట అనేవాడు కాదు.

ఒక్క సంగతి చెప్తాను. చెప్పడానికి కారణం ఉంది.

కొన్నేళ్ళ కిందట దసరాకి వాళ్ళింటికి వెళ్ళాను. అప్పటికి బావకి ఉద్యోగం పోయింది. హెచ్-వన్ వీసా కదా, గడువులోపల ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదిలి సామాను సర్దుకోవాలి. పైగా కొత్త ఇల్లు. గృహప్రవేశం అయిన నెలలోనే లేఆఫ్.

ఇంకేం, బంధువుల్లో ఒక పెద్దావిడ అనేసింది. పాలు పొంగించింది సుజాతే కదా, ఆ అమ్మాయి చెయ్యి మంచిది కాదు అని. ఆ మాట తిరిగి తిరిగి అక్క చెవిన పడింది. అప్పట్నుంచి కొత్త వస్తువు ముట్టుకోవాలంటే భయపడేది.

సరిగ్గా అప్పుడే నిత్య గేమింగ్ కంప్యూటర్ గొడవ. పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకుంది పాపం. తక్కువైంది తను వేస్తానని బావ ఉద్యోగం ఉన్నప్పుడే మాట ఇచ్చాడు.

నేను రెడీమేడ్ కొనమన్నాను. వారంటీ ఉంటుంది, పాడైతే షాపువాడి మొహాన కొట్టొచ్చు. బావ నన్ను స్టోర్‌కి లాక్కెళ్ళి చూపించాడు. మన బడ్జెట్‌లో వచ్చేవన్నీ పైన పటారం, లోన లొటారం. అద్దాల పెట్టె, రంగు లైట్లు, లోపల నాసిరకం పవర్ సప్లై, పాత గ్రాఫిక్స్ కార్డ్. పార్ట్స్ కొని మనమే బిగిస్తే అదే డబ్బుకి మంచి కార్డ్ వస్తుంది, రేపు కావాలంటే మార్చుకోవచ్చు అన్నాడు.

"బిగించేటప్పుడు ఒక్కటి పోయినా పిల్ల డబ్బు గోవిందా," అన్నాను.

"అందుకే నువ్వు ముట్టుకోకు," అన్నాడు.

ఆయుధపూజ రోజు. పార్ట్స్ అన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచి, అక్కనే పూజ చెయ్యమన్నాడు. అక్క వెనక్కి తగ్గింది. బావ వదల్లేదు, నీ చేత్తోనే మొదలవ్వాలన్నాడు.

అక్క డబ్బాలకి బొట్లు పెట్టింది. హారతి ఇచ్చింది. అక్షింతలు వేసింది, కాస్త ధారాళంగానే. మదర్‌బోర్డ్ కవర్ విప్పి ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తర్వాత బావ బోర్డ్‌ని జాగ్రత్తగానే దులిపాడు.

ప్రాసెసర్ కూర్చోబెట్టేటప్పుడు అందరినీ టేబుల్‌కి దూరంగా జరగమన్నాడు. పిన్ ఒక్కటి వంగినా అంతే సంగతులు. కార్డ్, వైర్లు అన్నీ అయ్యాయి. నిత్య బటన్ నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి.

స్క్రీన్ నల్లగానే ఉంది.

ఆపి మళ్ళీ వేశాడు. కేబుల్ మార్చాడు. టీవీకి తగిలించి చూశాడు. ఏమీ రాలేదు. నిత్య కళ్ళల్లో నీళ్ళు. నా నోరు ఊరుకుంటుందా, రెడీమేడ్ అంటే విన్నావా అని మొదలుపెట్టాను. అక్క గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"నా చెయ్యి పెట్టనన్నాను కదండీ," అంది మెల్లగా.

బావ తలెత్తి అక్కని చూశాడు. అన్నాలు వడ్డించండి అని తల్లీకూతుళ్ళని కిచెన్‌లోకి పంపేశాడు. నన్ను ఫోన్ టార్చ్ పట్టుకోమని, మెమరీ స్టిక్ బయటికి లాగాడు.

అది కూర్చునే గాడి అడుగున పచ్చగా ఒక బియ్యపు గింజ.

నేను నోరు తెరిచేలోపే బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ట్వీజర్స్‌తో గింజ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇక్కడ పడింది కాబట్టి తీశాను. మీ అక్క మనసులో పడితే నా వల్ల కాదురా."

స్టిక్ మళ్ళీ పెట్టి నొక్కాడు. ఈసారి స్క్రీన్ వెలిగింది.

తప్పు నాదే, మెమరీ సరిగ్గా నొక్కలేదు అని కిచెన్‌లోకి వినపడేలా చెప్పాడు. అక్క పరుగున వచ్చి, ఇంత చదువు చదివి ఆ మాత్రం నొక్కడం రాదా అని చెడామడా తిట్టింది. తిడుతూ తిడుతూ నవ్వేసింది. ఆ ఇంట్లో అక్క నవ్వగా నేను చూడటం అదే మొదలు.

గడువు ముగియకముందే బావకి ఉద్యోగం వచ్చింది. ఆ కంప్యూటర్ కథని మాత్రం ఏ పార్టీకి వెళ్ళినా తన మీదే వేసుకుని చెప్పేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు.

నిన్న సాయంత్రం నేను వచ్చేసరికి అక్క సోఫాలో కూర్చుని ఉంది. ఏడవట్లేదు.

"పొద్దున కాఫీ నేనే ఇచ్చానురా. తాగి లేచారు, పడిపోయారు. నా చెయ్యే మంచిది కాదు."

అప్పుడు చెప్పాను గింజ సంగతి. బావ అన్న మాటతో సహా, మొత్తం.

అక్క నా చెయ్యి పట్టుకుంది. తర్వాత భోరున ఏడ్చింది.

ఆ తర్వాత ఫోన్లు. పరామర్శిస్తూ పరామర్శిస్తూ ఒకరు స్పీకర్‌లో మళ్ళీ అదే మాట అన్నారు. పాలు పొంగించిన చెయ్యి అలాంటిది, ఆ ఇల్లు అచ్చిరాలేదు అని. పక్కన నిత్య ఉంది. అంతా విన్నది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను. అక్కని అడిగాను, రాయమంది.

పేరు పెట్టను. అన్నవాళ్ళకి తెలుసు. ఇన్నేళ్ళూ ఆ మాట మళ్ళీ అక్క దాకా రాకుండా బావ అడ్డం నిలబడ్డాడు. ఇవాళ్టి నుంచి నేను నిలబడతాను.

చూడటానికి వచ్చేవాళ్ళు రండి. అక్క పక్కన కాసేపు కూర్చోండి. ఆ మాట మాత్రం గుమ్మం బయట వదిలేసి రండి.

వెళ్ళిరా బావా. అందరి తప్పులూ నీ మీద వేసుకున్నది ఇక చాలు.

నీ మనసుకి హాయిగా ఉండాలి, ఎక్కడున్నా.