పొయ్యి కింది దిమ్మె

లారీ మమ్మల్ని సరిహద్దు పోస్టు దగ్గర దించేసరికి పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. ఎత్తు పదిహేను వేల నాలుగు వందల అడుగులు. ఎండ కళ్లలో పొడుస్తోంది, ముక్కు మాత్రం గడ్డకట్టింది. చెట్టు లేదు, పొద లేదు. మా పాలమూరులో నడి ఎండాకాలమైనా ఒక్క తుమ్మచెట్టన్నా కనబడి పలకరిస్తుంది. ఇక్కడ ఎటు చూసినా కొండలే. ఎర్రవి, ఊదావి, పసుపువి. వాటి వెనక మంచు. నేను మాటకారిని. ఆ రోజు నోరు తెరిచి, పది నిమిషాలు ఒక్క మాటా అనలేకపోయాను. గాలి చాలక అని మా రేడియో ఆపరేటర్ ఇప్పటికీ అంటాడు. గాలి ఒక్కటే కాదు.

నా సామాను ఇది: ఒక రైఫిల్, రెండు బ్యాగులు, రెండు పెద్ద ప్రెషర్ కుక్కర్లు. ఎనిమిదో తరగతితో బడికి సలాం కొట్టిన నాకు సైన్యం వంటపని ఇచ్చింది. అంతకుముందు ఐదేళ్లు నాయినతో మట్టిపనికి తిరిగాను. కాలువలు, కట్టలు, ఎక్కడ తవ్వకముంటే అక్కడ మా గ్యాంగు. పాలమూరు లేబరంటే తెలియని కాంట్రాక్టరు దేశంలో లేడు.

పోస్టులో పన్నెండుగురం. మాకు పెద్ద సుబేదార్ సాబ్, గఢ్వాల్ కొండల మనిషి. మాట్లాడేది హిందీ, మీ కోసం తెలుగు చేసి రాస్తున్నాను. రిజిస్టరు తెరిచాడు.

"సొంతూరు?"

"నీళ్ల కింద ఉంది, సాబ్."

పెన్ను ఆగింది. "జోకా?"

"కాదు, సాబ్. రిజర్వాయర్ కట్టారు. జనాన్ని లేపి పదిహేను కిలోమీటర్ల అవతల కాలనీలో పెట్టారు."

"మరి ఏం రాయమంటావ్?"

"కాలనీ అనే రాయండి. ఉత్తరాలకు ఈత రాదు కదా."

సుబేదార్ నవ్వలేదు. రాసుకున్నాడు.

నేను సైన్యంలో చేరినప్పుడు కాగితాల్లో ఆంధ్రప్రదేశ్ అని ఉండేది. తర్వాత తెలంగాణ అయింది. ఆ రోజు బ్యారక్ మొత్తానికి డబల్ కా మీఠా చేసి పెట్టాను. ఆ సంతోషం అబద్ధం కాదు. కొన్నేళ్లకు ఊరు మునిగింది. నాకు సెలవు దొరకలేదు. ఇల్లు కూల్చే నాడు నాయిన ఒక్క రోజు ఆగమని అడిగాడట. మిషన్ ఆగలేదట.

రేడియో ఆపరేటర్‌ది నకిరేకల్. తెలుగు మాట్లాడటానికి నాకు అతనే దిక్కు, అతనికి నేనే గతి.

"గీ చలికి నీ జోకులు గూడ గడ్డకడ్తయ్ రా, పాలమూరోడా."

"కడ్తె కట్టనీ తియ్యన్నా. కుక్కర్ల ఏసి ఉడకబెడ్త."

రెండో రోజు ఆర్డరు వచ్చింది. మంచు పడేలోపు బంకరు సిద్ధం కావాలి. గుంట పొడవు ఇరవై అడుగులు, వెడల్పు పన్నెండు, లోతు ఆరు. గడువు తొమ్మిది రోజులు. లేకపోతే చలికాలమంతా గుడ్డ డేరాల్లోనే. మైనస్ ముప్పైలో గుడ్డ డేరా అంటే ఏమిటో సుబేదార్ వివరించలేదు. అవసరం పడలేదు.

గునపం వేస్తే నేల గంటలా మోగింది. పది దెబ్బలకు ఊపిరి అందదు, కూర్చోవాలి. పొద్దున ఎనిమిదింటికి నాష్టా పెట్టేసి నేనూ గుంటలోకి దిగేవాణ్ణి. తలా ఒక దిక్కు గీకుతున్న జవాన్లను ఆపి, తాడు కట్టి, మా గ్యాంగు పద్ధతిలో వరస పెట్టాను. వంటవాడు మేస్త్రీ అయ్యాడు.

మట్టిపనిలో మాకొక రివాజు ఉంది. ఎంత తవ్వినా నడుమ కొంత నేలను ముట్టకుండా వదిలేస్తాం. దాన్ని దిమ్మె అంటాం. చుట్టూ నేల దిగిపోతుంటే అది స్తంభంలా నిలబడుతుంది. మొదట నేల ఎంత ఎత్తున ఉండేదో దాన్ని చూసి కొలిచి, తవ్విన లోతుకు కూలి కడతారు. దిమ్మెకు జాగా ఎంచడంలో కిటుకుంది. పైన గడ్డో పాత రాయో ఉన్నచోటు చూడాలి. అప్పుడే ఎవరూ మట్టి పోసి పెంచలేదని రుజువు.

గుంట నడుమ మూడు నల్లటి రాళ్లు కనిపించాయి. మసిబారి, సగం నేలలో దిగిపోయి ఉన్నాయి. ఇంతకన్నా పాత నేల ఉండదని వాటి చుట్టూ గీత గీసి వదిలేశాను. ఏదో గొప్ప మనసుతో వదిలానని రాస్తే మీరు నమ్ముతారు. కాదు. చేతి అలవాటు.

నాలుగో రోజుకు గుంట ఛాతీదాకా వచ్చింది. సుబేదార్ వచ్చి చూశాడు.

"నడుమ ఇదేంటి?"

చెప్పాను.

"ఇక్కడ కొలిచేది ఎవడయ్యా? రేపు పొద్దున కొట్టెయ్."

మరునాడు తొమ్మిది నలభైకి గస్తీ జవాను రేడియోలో పిలిచాడు.

"ఒక ముసలమ్మ. వంద దాకా మేకలు. ఆయుధం చేతికర్ర. ఓవర్."

"మేకల దగ్గర ఏముంది? ఓవర్," అన్నాడు మా నకిరేకల్ వాడు.

"కొమ్ములు. ఓవర్."

ఆమె ఏటా చలికాలం మందతో ఈ మైదానానికే వచ్చే సంచారి. గుంట చూసి ఆగిపోయింది. కర్ర పట్టుకుని, మోకాళ్లు పట్టుకుని, మెల్లగా దిగింది. అప్పటికే నేను దిమ్మె మీదికి గడ్డపార ఎత్తి ఉన్నాను. ఆమె నన్ను దాటి వెళ్లి, ఛాతీ ఎత్తున ఉన్న ఆ మూడు రాళ్ల నడుమ అరచెయ్యి పెట్టింది. అది ఆమె పొయ్యి.

"మా అత్త ఇక్కడే వండేది," అంది ముక్కల హిందీలో. "ఆమె అత్త కూడా." నా వైపు తిరిగింది. "చుట్టూ తవ్వి, దీన్ని ఉంచావా?"

పొయ్యి అని తెలిసే కాపాడాననుకుంది. నా చేతిలో గడ్డపార ఉంది.

"నీ పొయ్యి ఎక్కడ, బేటా?"

"నీళ్ల కింద, అమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. దూరంగా గడ్డకట్టిన ఏటి వైపు చూసి, మళ్లీ నా ముఖం చూసింది. నేను గడ్డపార కింద పెట్టేశాను. మా ఇల్లు కూల్చిన రోజు మిషన్ మీద కూర్చున్నవాడి ముఖం ఎలా ఉంటుందా అని చాలాసార్లు అనుకున్నాను. నా ముఖంలా ఉంటుందని అప్పుడు తెలిసింది.

సుబేదార్ గుంట గట్టుకు వచ్చాడు. "సాబ్, వంట ఎలాగూ చేస్తాను. ఇంకో గుంట కూడా తవ్వుతాను. ఇది మాత్రం నా చేత్తో కొట్టించకండి."

ఎగతాళి లేకుండా నేను ఆయనతో మాట్లాడింది అదే మొదలు. సుబేదార్ పడమర వైపు చూశాడు. మబ్బు దిగుతోంది. మిగిలింది ఐదు రోజులు. పన్నెండు మంది ప్రాణాలు ఆయన చేతిలో ఉన్నాయి. ముసలమ్మ రాళ్ల నడుమ నుంచి చెయ్యి తీయలేదు. సుబేదార్ రేడియో అందుకుని హెడ్‌క్వార్టర్‌ను పిలిచాడు.

"గుంటలో రాయి తగిలింది. ఇరవై అడుగులు ఎడమకు జరపాలి. ఓవర్."

"ఎంత పెద్ద రాయి? ఓవర్."

సుబేదార్ ఆ మూడు రాళ్లను చూశాడు. ఒక్కొక్కటి కొబ్బరికాయంత.

"కదిలించలేనంత. ఓవర్."

కొంతసేపు గరగర. తర్వాత, "జరపండి. గడువు మాత్రం జరగదు. ఔట్."

ఐదు రోజులు. సుబేదార్ కూడా పార పట్టాడు. నకిరేకల్ అన్న అరచేతులు పగిలి నెత్తురు కారింది. "నీ దిమ్మె పాడుగాను," అని తిడుతూనే తవ్వాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం రెండు ఇరవైకి మంచు మొదలైంది. పైకప్పు చివరి రేకు రెండు ఐదుకు పడింది. బంకరులో కిచిడీ పెట్టాను. అందరూ మూడుసార్లు వడ్డించుకున్నారు.

ముసలమ్మ మా మొదటి గుంట మీదే జడలబర్రె వెంట్రుకల గుడారం వేసింది. చలికాలానికి వాళ్లూ నేల తవ్వి, ఆ గుంటలోనే కాపురముంటారట. ఆమెకు ఇప్పుడు వంటకు వంగే పని లేదు. నిలబడే వండుకునేది.

నా సర్వీసు ఆ పోస్టుతోనే ముగిసింది. కాలనీకి చేరిన రోజు నాయినకు ఇదంతా చెప్పాను. గ్యాంగులో కొలత అయ్యాక దిమ్మె తీసేస్తేనే పని ముగిసినట్టు.

"తియ్యకుండనే వచ్చినవారా?"

"తియ్యలే, నాయినా."

"మంచిగ జేసినవ్ తియ్," అన్నాడు. లేచి బయటికి పోయాడు.

బార్డరులో ఏం చూశావని ఇక్కడ అందరూ అడుగుతారు. నేను చూసింది కిందికి బయలుదేరిన రోజు. ఉదయం ఏడున్నర, మైనస్ ఇరవై రెండు. లారీ మీంచి వెనక్కి తిరిగాను. లోయంతా తెలుపు. గుడారం తలుపు పైకి లేపి ఉంది. లోపల ముసలమ్మ నిలబడి ఉంది, ఆమె ఛాతీ ఎత్తున మంట. చుట్టూ నేలంతా దిగిపోయింది. ఆ రెండు మూరల నేల మాత్రం ఆమె అత్త, ఆమె అత్తకు అత్త కూర్చున్న ఎత్తులోనే ఉంది. దాని మీద పొయ్యి మండుతోంది.