మండువాలో ముగ్గు పోసిన వేసవి

నా చిన్నప్పుడు, నాకు పదకొండో ఏడు నడుస్తున్న వేసవిలో, మా ఇంట్లో రెండు నెలలపాటు మనుషులు మాటలు మానేశారు. ఆస్తి తగాదా కాదు, ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. ఇల్లు బాగు చేయించుకుందామన్న ఆలోచన ఒక్కటే దానికి కారణం. నీలం కాగితం మీద గీసిన ఒక ప్లాను మా నాన్ననీ బాబాయినీ విడదీసింది. అందులో నా పాత్ర కూడా తక్కువేమీ కాదు. అది దాచి కథ చెప్పడం నాకిష్టం లేదు.

మా ఇల్లు గవర్నర్‌పేటలో ఒక సందు చివర ఉండేది. బయట లాడ్జీలు, హోల్‌సేల్ కొట్లు, తెల్లారితే మొదలయ్యే ఆటోల మోత. లోపల మూరెడు మందాన గానుగ సున్నపు గోడలు, టేకు స్తంభాలు, పెంకుల కప్పు. ఇంటి నడుమ పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉంచిన మండువా, దాని చుట్టూ నాలుగు వసారాలు, వసారాల వెనక గదులు. బెజవాడ ఎండ సంగతి తెలిసినవాళ్లకు ఆ మండువా విలువ నేను చెప్పనక్కర్లేదు. వేడిగాలి అందులోంచి పైకి పోయేది, వీధి వైపు నుంచి కొత్త గాలి లోపలికి వచ్చేది. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు కూరగాయలు తెచ్చుకుని మా వసారాలోనే తరుక్కునేవారు.

ఇంట్లో మా నాయనమ్మ, అమ్మానాన్నలు, నేను, బాబాయి, పిన్ని ఉండేవాళ్లం. ముందు గది మాది. ఆ పక్కది నాయనమ్మది. దాని పక్కన మండువా వైపు కిటికీ, గట్టి టేకు తలుపు ఉన్న సామాను గది. అందులో ఊరగాయ జాడీలు, ఇత్తడి గంగాళాలు ఉండేవి, తాళంచెవి నాయనమ్మ బొడ్డున ఉండేది. బాబాయికీ పిన్నికీ నడిమి గది. గది అని పేరేగాని అది దారి. వంటింట్లోకి వెళ్లాలన్నా పెరట్లోకి వెళ్లాలన్నా అందులోంచే వెళ్లాలి, అందుకని దానికి రెండు గుమ్మాలున్నాయి గాని తలుపులు లేవు. పెళ్లై ఆరేళ్లుగా పిన్ని ఆ దారిలోనే కాపురం చేసింది. తనకో గది కావాలన్నది ఆవిడ కోరిక. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ పట్టించుకోలేదు.

బాబాయికి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు ఉండేది. ఆ ఏడు ఆయన స్నేహితుడొకాయన కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. గుమ్మానికో ఆర్చి, గోడలో చేపల తొట్టి, ఫాల్స్ సీలింగులో దాక్కున్న లైట్లు, కాలు జారే పాలరాయి. చూసి వచ్చిన బాబాయికి వారం రోజులు నిద్రపట్టలేదు. తర్వాత ఒక ఇంజనీరు చేత నీలం ప్లాను గీయించి తెచ్చాడు. మండువా మీద శ్లాబు వేస్తారట. ముందు సగం పాలరాతి హాలు, వెనక సగం బాబాయి వాళ్ల పడకగది. వీధి వైపు కిటికీలు మూసేసి షోకేసులు కడతారట.

నాన్న ఆ కాగితాన్ని చూసి, ఇది ఇల్లా సినిమా హాలా అన్నాడు. బాబాయి, నీకు గదుందిగా, నీకేం తెలుస్తుందిలే అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఒకరి కంచం ఎత్తాకే ఇంకొకరు పీట వేసుకునేవారు. మాట అందించాల్సి వస్తే నన్ను పిలిచేవారు. నేను ఆ పని చాలా ఇష్టంగా చేశాను. పిన్నంటే నాకు గిట్టేది కాదు. ఆవిడ వచ్చాకే బాబాయి నన్ను సైకిలెక్కించుకోవడం మానేశాడని నా లెక్క. అందుకని ఆవిడ ఒకటి చెబితే నేను రెండు చేర్చేదాన్ని. ఈ ఇంట్లో ఒక్క నిమిషం ఒంటరిగా ఉండటానికి లేదక్కయ్యా అని ఆవిడ మా అమ్మతో వాపోతే, మనందరి మొహాలు చూడలేక చస్తున్నానంది అని నాయనమ్మ చెవిలో వేశాను. నాయనమ్మ మొహం ఎర్రబడటం చూసి లోలోపల సంతోషించాను కూడా.

మా నాయనమ్మను చల్లటి మనిషి అని ఎవరూ అనలేదు. కోపం వస్తే అరవదు, మనిషిని దారికి తెచ్చేదాకా నిద్రపోదు. ఒక ఉదయం మా ఇంటికి ఏటా సున్నం వేసే తాపీ మేస్త్రికి కబురుపెట్టింది. బాబాయి చేతిలోంచి ప్లాను లాక్కుని ఆయన చేతికిచ్చి, ఇందులో ఉన్న ప్రతి గోడకూ నేల మీద ముగ్గు పొయ్యమంది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పునాది తవ్వే ముందు సుద్దపొడితో గీతలు పోస్తారు కదా, అలా అన్నమాట. కట్టి ఉన్న ఇంట్లో ముగ్గు పొయ్యమనడం మేస్త్రి ఎన్నడూ వినలేదు. అయినా దారం పట్టి కొలిచి పోశాడు. పెళ్లిళ్లకు షామియానాలు అద్దెకిచ్చే కొట్టువాళ్లు వచ్చి మండువా పైన టార్పాలిన్ పట్టా కప్పారు, గీతల వెంబడి గుడ్డ గోడలు కట్టారు. వీధి కిటికీలకు నాయనమ్మ అట్టలు కొట్టించింది.

అప్పుడు అందరినీ పిలిచి, "పది రోజులు ఈ ప్లానులోనే బతకండి. గీత ఉన్నచోట గోడ ఉన్నట్టే, దాటకూడదు. పదకొండో రోజుకి కూడా ఇదే కావాలంటే మొదటి గునపం పోటు నేనే వేస్తాను," అంది. బాబాయి సరేనన్నాడు. పిన్ని తన చాప చుట్టుకుని గుడ్డగోడల వెనక్కి వెళ్లింది. పెరట్లోకి వెళ్లాక నాయనమ్మ నాతో, మూడో రోజుకి వాడే పీకించేస్తాడు చూడవే అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

నాయనమ్మ లెక్క పెద్దగా తప్పలేదు. అది మే నెల. మొదటి రోజు పదకొండు గంటలకే పట్టా కింద పొయ్యిలో ఉన్నట్టుంది. వంటింటి పొగ పోవడానికి దారి లేక మా కళ్లల్లోకి వచ్చింది. పట్టపగలు లైటు వేసుకుని అన్నం తిన్నాం. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ముగ్గుగీతల హాలులో కుర్చీ వేసుకుని కూర్చున్న బాబాయి పావుగంట ఓర్చుకుని, చొక్కా విప్పి, కుర్చీ ఎత్తుకుని వీధి అరుగు మీదికి వెళ్లిపోయాడు. మూడో రోజు చూడటానికి వచ్చిన ఆ పాలరాతి ఇంటి స్నేహితుడు, మా ఇంట్లోనూ ఇంతేనండీ, ఏసీ పెట్టించాల్సొచ్చింది అని నోరుజారాడు. మా నాన్న వినపడనట్టు పేపరు తిరగేశాడు గాని ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

పిన్ని మాత్రం గుడ్డగోడల వెనక నుంచి బయటికి రాలేదు. పని ఉంటే వచ్చి చేసి మళ్లీ లోపలికి వెళ్లిపోయేది, గుడ్డ అంచుల్ని లోపలి నుంచి పిన్నీసులు పెట్టి బిగించుకునేది. అంత ఉక్కలో అక్కడేం చేస్తోందో తెలుసుకోవాలని నాకు ఆరాటం. నాలుగో రోజు మధ్యాహ్నం ఒక మూల గుడ్డ ఎత్తి తల దూర్చాను. పిన్ని ఏమీ చెయ్యడం లేదు. చాప మీద కాళ్లు బారచాపి, జుట్టు విరబోసుకుని, పైట పక్కన పడేసి, ఊరికే కూర్చుని ఉంది. మా ఇంట్లో ఆవిడ అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. ఉలిక్కిపడి పైట లాక్కుని నన్ను చూసింది.

"తలుపు కొట్టి రావాలి," అంది.

ఇది గుడ్డ కదా అన్నాను, ఎగతాళిగా.

"గుడ్డేనని నాకు తెలీదా? అయినా కొట్టు."

ఆవిడ గొంతులో అంత కసి నేను ఎప్పుడూ వినలేదు. తల వెనక్కి లాక్కుని నాయనమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఈసారి నేనేమీ చేర్చలేదు, చూసింది చూసినట్టు చెప్పాను. నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. విని, నీ పని నువ్వు చూసుకో పో అని కసిరింది.

ఐదో రోజు పొద్దున బాబాయి ఓడిపోయానని ఒప్పుకున్నాడు. నాన్న రెండు నెలల తర్వాత తమ్ముడితో నేరుగా మాట్లాడిన మొదటి మాట, ఏరా, పాలరాయి ఎప్పుడు దింపుతున్నావు అని. ఎంత బుద్ధితక్కువ మాటో ఇప్పుడు తెలుస్తోంది గాని అప్పుడు నేను కిలకిలా నవ్వాను. షామియానా వాళ్లు వచ్చి పట్టా లాగేశారు. వెలుగు ఒక్కసారిగా నేల మీద పడింది, గాలి కదిలింది. నాయనమ్మ వసారా మెట్టు మీద కూర్చుని గెలిచిన మొహంతో చూస్తోంది. కుర్రాళ్లు గుడ్డగోడల తాళ్ల మీద చెయ్యి వేశారు. పిన్ని వెళ్లి అడ్డం నిలబడింది.

"పైన కప్పింది తీయించారు, మంచిపనే చేశారు అత్తయ్యగారూ, నాకూ ఊపిరాడలేదు. ఈ గుడ్డ మాత్రం విప్పనివ్వను. ఆరేళ్లుగా చీర మార్చుకోవాలంటే అక్కయ్య గుమ్మంలో కాపలా నిలబడుతోందండీ. పాలరాయి నేనడగలేదు. ఆర్చీలు నేనడగలేదు. నాకో తలుపు కావాలండీ."

నాన్న చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. బాబాయి నేల చూపులు చూస్తున్నాడు. అమ్మ వెళ్లి పిన్ని పక్కన నిలబడింది. నాయనమ్మ కరిగిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఒళ్లు మండిపోయింది ఆవిడకు. పనివాళ్ల ముందు ఇంటి గుట్టు బయటపెడతావా అని పిన్నిని నానా మాటలూ అంది. అన్నీ అనేశాక మిగిలిన సుద్దపొడి పళ్లెం తెచ్చి ఆవిడ ముందు విసురుగా పెట్టి, అంత తెలిసినదానివి నువ్వే ముగ్గు పోసి, మండువా పోకుండా నీ గది ఎక్కడొస్తుందో చూపించు అంది.

పిన్ని చూపించలేకపోతుందని నాయనమ్మ అనుకుంది. పిన్ని పళ్లెం తీసుకుని, ఎటూ తడుముకోకుండా, వసారా మీదుగా నడిచి సామాను గది గుమ్మం ముందు ఒక్కటే గీత పోసింది. నాయనమ్మ చెయ్యి బొడ్డున ఉన్న తాళంచెవి మీదికి పోయింది.

"నా జాడీలు ఎక్కడ పెట్టుకోమంటావే?"

"ఆరేళ్లు నేను పడుకున్న చోట పెట్టండి అత్తయ్యగారూ. బానే పడతాయి."

ఇంట్లో అన్నిటికంటే మంచి గది, గాలీ వెలుతురూ తలుపూ ఉన్న గది, మేం ఆవకాయకు ఇచ్చాం. దాని ముందు నుంచి రోజుకు పదిసార్లు తిరిగినవాళ్లమే అందరం. ప్లాను గీసిన ఇంజనీరుకు గాని, దాన్ని చింపెయ్యాలనుకున్న నాన్నకు గాని, ఇంత తెలివైన ఉపాయం పన్నిన నాయనమ్మకు గాని అది కనపడలేదు. నాయనమ్మ బొడ్డు నుంచి తాళంచెవి తీసి నేల మీద పడేసి లోపలికి వెళ్లిపోయింది. దసరా దాకా పిన్నితో మాట్లాడలేదు.

ఇల్లు మాత్రం బాగుపడింది. మేస్త్రే దగ్గరుండి చేయించాడు. సున్నపు గోడలకు మళ్లీ సున్నమే పూశాడు, పగిలిన పెంకులు మార్చాడు, వంటింటికి పొగగూడు పెట్టాడు, నేలకు ఎర్రటి నునుపు గచ్చు చేశాడు. బాబాయి స్నేహితుడి ఆర్చీలు పదేళ్లలో వెలిసిపోయి, రెండువేల సంవత్సరం దాటాక మొత్తం కొట్టించి ఇంకేదో కట్టుకున్నారు. అప్పటికి అద్దాల ముఖద్వారాల మోజు వచ్చింది. మా ఇంటి గచ్చు అప్పటికీ మెరుస్తూనే ఉంది.

మొండి ముసలావిడే అయినా మా నాయనమ్మ నేర్పిన పద్ధతి నేను వదల్లేదు. మా సొంత ఇంటికి మార్పులు చేయించినప్పుడు పది రోజులు ముగ్గుగీతల మధ్యే తిరిగాం, రెండు గోడలు లేవకుండానే చెరిగిపోయాయి. కానీ ఆ పద్ధతికి తెలియని సంగతి ఒకటుంది. మండువా ఉండాలా వద్దా అని రెండు నెలలు కొట్టుకున్నాం, అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసింది నేనే. నీకేం కావాలి పిన్నీ అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఒక్క తలుపు అని చెప్పేది.

ఇల్లు బాగు చేయించుకుంటున్నాం, ఎప్పటికీ పాతబడని ప్లాను చెప్పండి అంటూ ఇప్పుడు మా బంధువుల పిల్లలు ఫోన్లలో బొమ్మలు పట్టుకొస్తారు. బొమ్మలు పక్కన పెట్టించి, మీ ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి ఎవరు, ఆ మనిషి ఎక్కడ పడుకుంటుంది అని అడుగుతాను. చాలామంది మొహం మాడ్చుకుంటారు. జవాబు చెప్పేదాకా నేను ప్లాను చూడను.